నదికి దక్షిణమున నొక దర్బారు

గుంటూరు సీమలో రైతు చెల్లించిన శిస్తు నల్లమల దాటి ఆదవానికి చేరుచుండిన కాలమొకటి కలదన్న, నేటి గుంటూరువారు గాని నేటి ఆదోనివారు గాని సులభముగా నమ్మరు. నాటి ఆదవానియే నేటి ఆదోని. ఆదోని యనగానే మనకు తోచునది ప్రత్తి. ప్రత్తి మూటలతో బారులు దీరిన బండ్లు, జిన్నింగు మిల్లుల రొద, మార్కెట్టు యార్డులోని వేలములు, 'రెండవ బొంబాయి' యని ఊరి పెద్దలు నేటికిని అభిమానముతో చెప్పుకొను పేరు, ఇవియే ఆ ఊరి గుర్తులు. ఆ సందడికి పైన, ఊరిని ఆనుకొని లేచిన రాతి గుట్టల మీదను వాని పాదములందును, ఒకప్పుడు పరిపూర్ణమైన ప్రభుత్వమొకటి కొలువుదీరి యుండెను. దానికి సేనలుండెను, ఖజానా యుండెను, దివానులుండిరి, ఫ్రెంచి సేనానియు నుండెను. కడకు సముద్రతీరమున నొక రేవు కూడ నుండెను. ఆ ప్రభుత్వమునకు నిలయమైన స్థలమును చూడబోవువారికి తోడుగా నుండుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా నొక హెచ్చరిక. మైసూరులోని అంబావిలాసమును, హైదరాబాదులోని చౌమహల్లాను చూచిన కన్నులతో వచ్చి, ఇచ్చటను అద్దాల మేడలను, వ్రేలాడు దీపవృక్షములను వెదకువారికి ఆశాభంగము తప్పదు. ఇచ్చటి భవనములు కాలవశమున పడిపోయినవనుట కంటె పడగొట్టబడినవనుట సత్యమునకు దగ్గర. మిగిలినవి ప్రాకారములు, ద్వారములు, బురుజులు, జలాశయములు, సమాధులు, మహత్తరమైన యొక మసీదు. అయినను, రాజమందిరము నందు ప్రభువు నిద్రించు గది కంటె ఆ ప్రభువు ప్రభుత్వము నడుపుటకు ఆధారమైన యేర్పాటులే ముఖ్యమని యెంచువారికి, ఆదోని కోటలో చూడవలసినది చాల కలదు. ఆ యేర్పాటులలో మొదటిది నీరు. ఈ కోట చరిత్రను రాజుల పేర్ల వరుసతో గాక నీటి వెంబడి నడచి చదువుటయే మేలని నా నమ్మకము. ఏలయన, ఇచ్చటి ప్రభుత్వములను నిలిపినదియు నీరే, కూల్చినదియు నీరే.

కోట ఒక కొండ మీదిది కాదు. అయిదు గుట్టలను కలుపుచు అల్లిన ప్రాకారముల సముదాయమది. వానిలో మిక్కిలి ఎత్తయినవి బారాఖిల్లా, తాలిబండ యనునవి. మైదానమునకు సుమారు 800 అడుగుల ఎత్తున నుండును. ఎక్కువారు ప్రొద్దుటి చల్లదనముననే బయలుదేరవలెను. పది గంటలు దాటిన పిదప ఆ బండలు విడుచు వేడిమి కర్నూలు సీమవారికి గూడ దుస్సహము. త్రోవ పొడుగున మనిషి పేర్చిన గోడ యెక్కడ ముగిసినదో, ప్రకృతి పేర్చిన బండ యెక్కడ మొదలైనదో తెలియరాదు. ఏనుగంతేసి గుండ్ల నడుమ సందులను మాత్రమే రాళ్లతో పూడ్చి, కొండనే గోడగా మార్చుకొనిన పనివారి నేర్పు అడుగడుగున కనబడును. ఒక ద్వారము కడ నేను చాలసేపు నిలిచిపోతిని. గడప రాతిలో, తలుపు కొయ్య తిరిగిన చోట, అరచేయి పట్టునంత గుండ్రని గుంట కలదు. ఏండ్ల తరబడి ప్రొద్దున తెరచి మాపున మూసిన బరువైన తలుపు ఆ గట్టి రాతిని అద్దమువలె నున్నగా అరగదీసినది. ఆ గుంటలో వ్రేలు పెట్టి చూచినప్పుడు, ఇది కథ కాదని, ఇచ్చట దినదినము పహరా మారుచు, పాలన సాగుచుండెనని తెలిసినంత స్పష్టముగా ఏ గ్రంథము చదివినను తెలియదు.

కొండ నడుమ నొక జలాశయము కలదు. అది యెన్నడును ఎండదని ప్రతీతి. వానలు తక్కువగా కురియు ఈ సీమలో, అంత ఎత్తున నీరు నిలిచియుండుట చూచిన పిదప, విజయనగర ప్రభువులు దీనిని ఏల అంతగా నమ్మిరో బోధపడును. ఈ దుర్గము అభేద్యమని యెంచి, ఆ రాజులందరును ఒకరి తరువాత నొకరుగా దీనిని బాగుచేయించి, ఆపత్కాలమున తమ కుటుంబములకు ఆశ్రయముగా నుంచుకొనిరని చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాసెను. పదునొకండు ప్రాకారములను, నిర్మలమైన నీటి కొలనులను, రాజోచితమైన కట్టడములను కూడ అతడు పేర్కొనెను. తుంగభద్రకు ఆ యొడ్డున బహమనీలు, ఈ యొడ్డున విజయనగరము కత్తులు దూయుచుండిన దినములవి. బహమనీ సుల్తాను ముజాహిద్ షా (1375-78) ఈ కోటను నెలల తరబడి ముట్టడించెను. లోపలి నీరు తరిగి, దుర్గరక్షకులు లొంగిపోవుటకు సిద్ధపడిన సమయమున వాన కురిసి కొలనులు నిండెనట. వెలుపల ముట్టడిదారుల పాళెమున తిండి తరిగి, రోగములు ప్రబలెనట. సుల్తాను ముట్టడి విడిచి వెడలవలసివచ్చెను. ఒక్క వానతో తారుమారైన యుద్ధములు చరిత్రలో అరుదు కావు గాని, నింపుకొనుటకు కొలనులు త్రవ్వి యుంచినవారికే ఆ వాన అక్కరకు వచ్చెనను మాట మరువరాదు.

1565వ సంవత్సరపు రాక్షసి తంగడి యుద్ధానంతరము కొద్దికాలములోనే ఆదవాని బిజాపూరు ఆదిల్‌షాహీల వశమయ్యెను. వారి పక్షమున పాలించిన మలిక్ రహమాన్ ఖాను సమాధి తాలిబండ మీద కలదు. అతని తరువాతివారిలో చిరస్మరణీయుడు సిద్దీ మసూద్ ఖాను. అబిసీనియా దేశపు హబ్షీ సంతతివాడు. సముద్రము దాటివచ్చి దక్కను కొలువులలో కత్తితోను బుద్ధితోను పైకి వచ్చిన జాతివాడు. బాలుడైన సికందర్ ఆదిల్‌షా పేర 1678 నుండి 1683 వరకు బిజాపూరు రాజ్యభారమంతయు వహించి, అచ్చటి వర్గకలహములకు విసిగి, ఆ పదవి విడిచి తన ఆదవానికి మరలివచ్చెను. దిగువ కోటను, జామియా మసీదును కట్టించినది ఇతడే. ఊరి నడుమ నేటికిని నమాజులు జరుగుచున్న ఆ మసీదును కోటతో పాటు చూచి తీరవలెను. కొండ మీద గట్టితనమెంత కలదో, క్రింద ఈ మసీదున అందమంత కలదు.

1688లో ఔరంగజేబు పంపిన ఫిరోజు జంగు ఆదవానిని ముట్టడించెను. అప్పటికి బిజాపూరు పడిపోయి రెండేండ్లు, గోలకొండ పడిపోయి యేడాది. దక్కనున స్వతంత్రముగా తల యెత్తి నిలిచిన కొద్ది దుర్గములలో ఇది యొకటి. ఎంతకును లొంగని మసూద్ ఖానును లొంగదీయుటకు మొగలు సేనాని యొక ఉపాయము పన్నెనని స్థానికులు తరతరములుగా చెప్పుకొందురు. ఫిరంగులను కోట మీదికి గాక, మసీదు మీదికి గురిపెట్టించెనట. ప్రాణముకన్న మిన్నగా చూచుకొనిన ఆ కట్టడమునకు దెబ్బ తగులుటకు సహింపలేక ఖాను తలుపులు తెరిపించెనట. ఇందు కల్పన యెంతయో నిర్ణయించుట నా పని కాదు. ఆగస్టు మాసమున కోట వశమైనదనియు, మసీదు చెక్కుచెదరక నేటికిని నిలిచియున్నదనియు మాత్రము చెప్పగలను. మొగలులు ఈ దుర్గమునకు ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టిరి. జనులు మాత్రము ఆదవాని యనుట మానలేదు.

మసూద్ ఖాను దర్బారు నుండి వెలువడిన నిర్ణయములలో ఒకటి నేటికిని చెల్లుబడి యగుచున్నది. రాఘవేంద్రస్వామి వారి చరిత్ర యెరిగినవారికి ఆదవాని నవాబు కథ తెలియును. చదువురాని పిల్లవాడైన వెంకన్న స్వామివారి అనుగ్రహమున అక్షరజ్ఞానము పొంది, నవాబు కొలువున దివాను పదవి నధిష్ఠించుట, స్వామివారిని పరీక్షింపగోరి నవాబు పళ్లెరమున మాంసము నుంచి వస్త్రము కప్పి యెదుట బెట్టించుట, తీసి చూడగా అందు ఫలపుష్పములు కనబడుట, పశ్చాత్తప్తుడైన నవాబు కోరినది ఇచ్చెదనన్నప్పుడు స్వామివారు సారవంతములైన గ్రామములను కాదని తుంగభద్ర యొడ్డునున్న మంచాల గ్రామమునే కోరుట, ఇదియంతయు భక్తులకు కంఠస్థము. ఆ మంచాలయే మంత్రాలయము. 1671లో స్వామివారు సజీవముగా బృందావన ప్రవేశము చేసినది అచ్చటనే. మహిమను నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారైనను ఒక్క సంగతి గమనింపవలెను. మాధ్వ పీఠాధిపతికి మహమ్మదీయ ప్రభువు, బ్రాహ్మణ దివాను చేతిమీదుగా, దానమొసగిన గ్రామమది. దానమిచ్చిన దర్బారు గోడలు నేలమట్టమైనవి. దానము మాత్రము తుంగభద్ర గట్టున నిలిచి, దినదినము వేలమందికి అన్నము పెట్టుచున్నది.

మొగలుల కాలమునుగూర్చి యొక్క మాట. రాజపుతానాలోని బికనీరు ప్రభువు అనూప్ సింగు ఔరంగజేబు కొలువున దక్కనులో చిరకాలము సేవచేసి, 1698లో ఈ ఆదవాని యందే కన్నుమూసెను. యుద్ధములలో చెల్లాచెదరగుచుండిన సంస్కృత గ్రంథములను, దేవతా విగ్రహములను, చిత్రపటములను ఏరికూర్చి తన ఊరికి తరలించిన రసికుడతడు. బికనీరులోని అనూప్ సంస్కృత గ్రంథాలయమునకు మూలము ఆ సేకరణమే. మన దక్షిణదేశపు తాటాకులు కొన్ని ఎడారి నడుమ క్షేమముగా నున్నవన్న, అందుకు ఆదవాని పాళెమున కూర్చున్న యొక రాజపుత్రుని శ్రద్ధయే కారణము. ఆయన పేరు ఆదోనిలో విన్నవారు ఎందరుందురో!

ఇక గుంటూరు ముచ్చట. ఆదవానిని 1688లో జయించిన ఫిరోజు జంగు కుమారుడే హైదరాబాదు అసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ ముల్కు. ఆ నిజాముల్ ముల్కు కుమారులలో నొకడైన బసాలత్ జంగునకు ఆదవాని జాగీరుగా సంక్రమించెను. తాత గెలిచిన కోట మనుమనికి రాజధాని యయ్యెను. అన్న నిజాం అలీ ఖాను హైదరాబాదున ఏలుచుండగా, తమ్ముడు తుంగభద్రకు దక్షిణమున దాదాపు స్వతంత్రుడై దర్బారు తీర్చెను. రాయచూరు అతనిది; నూర్ల మైళ్ల యవతల సముద్రమును తాకుచున్న గుంటూరు సర్కారును అతనిదే. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతులలోనికి పోయినప్పుడు, గుంటూరు మాత్రము బసాలత్ జంగు జీవించియున్నంతకాలము అతని యనుభవముననే యుండునట్లు 1768 నాటి సంధిలో వ్రాసికొనిరి.

పటము చూచిన, మచిలీపట్టణమునకును చెన్నపట్టణమునకును నడుమ కంపెనీ కన్నులో నలుసువలె గుంటూరు నిలిచియుండుట తెలియును. అందు మోటుపల్లి రేవు కలదు. కాకతి గణపతిదేవుడు అభయశాసనము వేయించిన ఆ రేవుననే ఫ్రెంచివారి మనుష్యులును సామగ్రియు దిగి, ఆదవానిలోని లాలీ యను ఫ్రెంచి సేనాని దళమునకు చేరుచుండెను. చెన్నపట్టణపు దొరలకు ఇది నిద్రపట్టనీయని విషయమయ్యెను. ఇటు పడమట హైదరాలీ బళ్లారిని కబళించి, ఆదవాని గుమ్మము వరకు వచ్చి బెదిరించిపోయి యుండెను. రెండు భయముల నడుమ చిక్కిన బసాలత్ జంగు 1779లో చెన్నపట్టణము వారితో ఒడంబడిక చేసికొనెను: ఫ్రెంచి దళమును పంపివేయవలెను, గుంటూరును కంపెనీకి గుత్తకిచ్చి ప్రతిగా వారి సేన సాయము పొందవలెను. ఆ సేన కడప సీమ మీదుగా బయలుదేరగా హైదరాలీ మనుష్యులు దారి కట్టిరి. తన్ను అడుగక తమ్మునితో ఒడంబడిక చేసిరని నిజాము కోపించి, తీసివేయబడిన ఫ్రెంచి దళమును తన కొలువున చేర్చుకొనెను. కలకత్తాలోని వారన్ హేస్టింగ్సు ఈ వ్యవహారమంతయు తప్పని, గుంటూరును తిరిగి యిచ్చివేయుడని ఆజ్ఞాపించెను. 1780లో రెండవ మైసూరు యుద్ధము చెలరేగుటకు గల కారణములలో ఆదవాని దర్బారున పడిన ఆ సంతకము ఒకటి. ఇంగ్లీషువారు, నిజాము, హైదరాలీ మువ్వురి చూపును ఈ కొండ మీద నిలిచిన కాలమది.

బసాలత్ జంగు 1782లో మరణించెను. అతనిని అతని తల్లితో పాటు ఆదోని యందే సమాధిచేసి, మసీదును, సమాధి మందిరమును కట్టిరి. గుంటూరు 1788లో కంపెనీ పరమయ్యెను. ఈ లోపల ఆదవానికి రాగల ఆపద రానే వచ్చెను.

1786 వేసవి తుదిని టిప్పు సుల్తాను హఠాత్తుగా ఆదవాని మీద పడెను. బసాలత్ జంగు కుమారుడు మహబత్ జంగు కోటలో నుండెను. అతని భార్య నిజాము కుమార్తె. అసఫ్‌జాహీ ఆడుబిడ్డలు శత్రువు చేత చిక్కుదురను భయముతో హైదరాబాదు నుండి మొగలు అలీ నాయకత్వమున సేన పరుగున వచ్చెను. మరాఠా దళములును కూడెను. టిప్పు వెనుకకు తగ్గెను. ఇక గెలిచినట్లేయని యెవ్వరైన అనుకొందురు. కాని తుంగభద్ర మాట వారికి తెలియును. పడమటి కనుమలలో మృగశిర కార్తె వానలు పట్టిన, ఇచ్చట చినుకు పడకున్నను నది నిండి పారును. ఒకసారి పొంగెనా, నెలల తరబడి సేనలు దాటుట దుస్తరము. వచ్చిన సేనకు వెనుక నది, ముందు టిప్పు. వరద వచ్చినచో హైదరాబాదు నుండి గింజయు రాదు, మనిషియు రాడు. రాయచూరు ఆ యొడ్డున నున్నది. ఆదవాని ఈ యొడ్డున. కోట కొరకు నిలిచి పోరుటయా, అంతఃపురమును దాటించుకొని పోవుటయా యను ప్రశ్నకు వారు రెండవదే ఉత్తరముగా నిర్ణయించుకొనిరి. నీరు పెరుగకముందే మహబత్ జంగు కుటుంబముతో నది దాటి రాయచూరు చేరెను. నాలుగు నూర్ల యేండ్లుగా రాజకుటుంబములకు ఆశ్రయమని పేరొందిన దుర్గమును, రాజకుటుంబమే, పగులని గోడలతో, నిండిన కొలనులతో విడిచిపోయెను.

టిప్పు వచ్చి, విడువబడిన కోటను అవలీలగా కైకొనెను. ఫిరంగులను, సామగ్రిని గుత్తికి తరలించి, ప్రాకారములను పడగొట్టించెను. నేడు కొండ మీద మనము చూచు శిథిలత్వమున కాలము చేసిన పని కొంత, సీతాఫలపు పొదల వేళ్లు చేసిన పని కొంత. మొదటి గునపపు దెబ్బ మాత్రము ఆనాటిది. కొలనులున్న కోటను నది పోగొట్టుట చూడగా, ప్రాకారములు ఎన్ని యుండినను, ప్రభుత్వమునకు వెన్నుదన్నుగా నుండు దేశము ఏ యొడ్డున నున్నదను ప్రశ్నయే ముఖ్యమని తెలియుచున్నది.

పిదప సంధివలన ఆదవాని తిరిగి నిజామునకు దక్కెను గాని, దర్బారు మరల కొలువుదీరలేదు. 1800వ సంవత్సరపు అక్టోబరులో జరిగిన ఒడంబడికయందు కంపెనీ, నిజాము కూర్చుండి తుంగభద్రనే సరిహద్దుగా గీచిరి. నదికి ఉత్తరమున నిజామునకు కొప్పళ, గజేంద్రగడము. వానికి మారుగా దక్షిణమున కంపెనీకి ఆదవాని. 1786లో వరదగా బెదిరించిన నది, ఈసారి కాగితము మీద గీతయై, ఆదవానిని హైదరాబాదు నుండి శాశ్వతముగా విడదీసెను. నిజాము ఇట్లు కంపెనీకి వదలిన దత్తమండలములకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కొండ మీద మేడలను వెదుకలేదు. డేరా వేసికొని ఊరూర తిరుగుచు రైతుతో ముఖాముఖి శిస్తు నిర్ణయించెను. అట్లు తిరుగుచు మంత్రాలయమునకు పోయి మఠపు మాన్యము విషయమున విచారించినప్పుడు, బృందావనము నుండి స్వామివారు ఆయనకు మాత్రమే కనబడి మాటలాడిరని భక్తులు చెప్పుదురు. నవాబు ఇచ్చిన దానము దొర చేతిలోను నిలిచెనని జనులు చెప్పుకొనిన తీరు అది.

ఆ తరువాతి కథలో దర్బారు లేదు, తాలూకా కచేరి కలదు. దాదాపు నూటయేబది యేండ్లు బళ్లారి జిల్లాలో భాగమై, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించిన నాడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరెను. ఆ కర్నూలే క్రొత్త రాష్ట్రమునకు రాజధాని. ఏ నది ఈ సీమ పాలకులను రెండు మారులు మార్చెనో ఆ నది నీరు నేడు హోస్పేట ఆనకట్ట నుండి దిగువ కాలువగా (రైతులకు అది 'ఎల్లెల్సీ') ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు వచ్చుచున్నది. ఏ మూల పొలమునకు ఎంత నీరు చేరవలెనను తగవు తీరినదని చెప్పజాలను. కాలువ చివరి రైతుల గోడు వినినవారు చెప్పజాలరు.

ఆదోనికి వచ్చినవారు ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయమునకు పోవుట మంచి త్రోవ. ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో అచ్చట నెలకొల్పిన చేనేత సహకార సంఘము, మాష్టరు వీవర్ల అప్పులలో మునిగిన నేతగానికి నూలును, కూలిని, విక్రయమును తన స్వంత సంఘము వలననే సమకూర్చి, దేశమంతట పేరు తెచ్చుకొనెను. కోట మీది ప్రభుత్వములు నేతగాని నుండి పన్ను పుచ్చుకొనినవే గాని వానికి నూలు అందించినట్లు నేనెచ్చటను చదువలేదు. ఆ త్రోవన పోవుచు, ఒక పూట కోటకు, ఒక పూట మగ్గమునకు, సాయంకాలము నదికి కేటాయించినవారికి, ఈ పడమటి సీమ చరిత్రలో ముఖ్యభాగము కన్నులార కనబడును.

ఆదోని బడుల ఉపాధ్యాయులకు నాదొక మనవి. పిల్లలను ఏడాదికొకమారైన కొండ యెక్కించుడు. గోడరాళ్లను ఇండ్లకు పెరుకుకొని పోరాదని, బండలపై పేర్లు చెక్కరాదని చెప్పుడు. పోవునప్పుడు దక్షిణాపథపు పటమొకటి వెంట గొనిపోయి, జలాశయపు గట్టున పరచి, బిజాపూరు, రాయచూరు, శ్రీరంగపట్టణము, గుంటూరు, మోటుపల్లి ఎచ్చటెచ్చట నున్నవో వారి చేతనే వ్రేలు పెట్టించుడు. ఆ పిమ్మట తుంగభద్రను నీలిరంగు పెన్సిలుతో దిద్దించి, ఆదోని దాని కే యొడ్డున నున్నదో వారినే చెప్పుమనుడు.